మౌనం అంగీకారమా?

పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారంలో బద్వేలు పరిసర గ్రామాలలో ఇంటింటా ఒకే చర్చ సాగుతుంది. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? సి.ఇ.సి., హెచ్.ఇ.సి.ల పేర్లు అరుదుగా వినిపిస్తాయి. చదువవలసిన బాలుడో, బాలికో తరచుగా మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని పెద్దలు అంగీకారంగా భావిస్తారు.

పెద్దల పట్టుదలను కేవలం పరువు కోసమని కొట్టివేయడం తగదు. వానలను నమ్ముకొన్న మెట్టసీమ ఇది. వేరుశనగ ఎండిపోయిన ఏడు, బోరులో నీరు పడక అప్పు మాత్రమే మిగిలిన ఏడు కుటుంబాల జ్ఞాపకంలో చెరగక నిలుస్తాయి. నెలజీతమనే మాటకు ఇక్కడ ఉన్న విలువ మాగాణి ప్రాంతాల వారికి సులభంగా బోధపడదు. కడప జిల్లా నుండి వేలమంది పొట్టకూటికై కువైట్‌కు తరలిపోయారు. అక్కడి నుండి తండ్రి పంపిన సొమ్ముతో చదువుకొనే కుమారునికి, తనకు చరిత్ర ఇష్టమని చెప్పడమే కృతఘ్నతగా తోస్తుంది. ఆడపిల్ల విషయంలో కళాశాల దూరం, పెండ్లి వయస్సు కూడ లెక్కకు వస్తాయి. ఆ లెక్కలలో ఆమె అభిరుచికి చోటు మరింత తక్కువ.

ఇట్టి సంఘర్షణ నేటిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలని తలచాడు. తల్లి వెంకమ్మ ససేమిరా అన్నది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. 1923లో అమెరికా చేరిన ఆయన నాయకత్వంలో, 1940వ దశకంలో, ఆ వ్యాధి చికిత్సకు తోడ్పడిన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. తల్లి ఒక మార్గాన్ని మూసినా, కుమారుడు తన సేవాకాంక్షను వదలుకోలేదు. ఆమె నిరాకరణ, ఆయన కోరిక రెండూ పైకి పలికినవే కనుక మూడవ దారి దొరికింది.

బద్వేలు ఇళ్లలో కొరవడినది ఆ పలుకే. కరువంటే భయమని తండ్రి చెప్పడు. “ఆ చదువు అన్నం పెట్టదు” అని తీర్పు చెబుతాడు. అభిరుచిని కుమారుడు చెప్పడు. మార్కులు తగ్గినపుడు తన బుద్ధినే నిందించుకొంటాడు. ఇంటి అప్పెంతో తండ్రి దాచక చెప్పవచ్చు. తాను కోరిన చదువుకు ఎంత ఖర్చవుతుందో, అది ఏయే ఉద్యోగాలకు దారితీస్తుందో కుమారుడు కాగితంపై వ్రాసి ఆయన ముందుంచవచ్చు. గ్రూపు పేరు దరఖాస్తులో నింపడానికి ముందే ఆ మాటలు జరగాలి.