వంశచరిత్ర పుటలో మన మాట ఎక్కడ రాయాలి?



పెద్ద బైబిలు మొదటి పుటల్లో పిల్లలు పుట్టిన తేదీలు, బాప్తిస్మము తేదీలు, పెళ్ళిళ్ళు రాసిపెట్టుకొనే అలవాటు మన ఇళ్ళలో చాలాకాలంగా ఉంది. ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఆ వివరాలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఇందుకు గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. పేర్లు, తేదీలు, బంధుత్వాలు అందిస్తే, ఒక్కొక్కరికి ఒక్కొక్క వెబ్ పేజీ చొప్పున అదే తయారుచేసి పెడుతుంది.

అయితే ఆ పేజీలో ఏముంటుంది? నాయనమ్మ పేరు, పుట్టిన సంవత్సరం, పెళ్ళి, మరణం. కరువునాడు పిల్లలను చంకనెత్తుకొని ఆమె ఏ ఊరికి వలస వెళ్ళిందో, ఏ కూలిపని చేసి వారిని చదివించిందో అందులో ఉండదు. అది మనమే చేర్చాలి.

ఎక్కడ చేర్చాలన్నదే ముఖ్యం. కొందరు తయారైన పేజీనే తెరిచి అందులో రాస్తారు. రేపు ఇంకొక మనుమడు పుట్టి, అతని పేరు చేర్చి పేజీలను అదే చోట మళ్ళీ తయారుచేస్తే, కొత్త పేజీ వచ్చి పాతదాన్ని చెరిపేస్తుంది. రాసినదంతా పోతుంది. అందుచేత ప్రోగ్రాములోనే, ఆ వ్యక్తి వివరాల దగ్గర 'నోట్సు' అనే చోట రాయాలి. అక్కడ రాసినది ఎన్నిసార్లు తయారుచేసినా పేజీలోకి వస్తుంది. ఫోటోలనూ ప్రోగ్రాములోనే, ఆ వ్యక్తి వివరాల దగ్గరే జతచేయాలి. కుటుంబమంతటికీ చెందిన ముందుమాటను కూడా ఒక నోటుగా రాసుకొని, మొదటి పేజీలో వచ్చేలా పెట్టుకోవచ్చు.

మరొక హెచ్చరిక. బ్రతికున్నవారి జన్మదినాలు, ఇంటి గుట్టు లోకమంతటికీ చూపనవసరం లేదు గదా! బయటపెట్టకూడని వాటిని 'ప్రైవేటు' అని గుర్తుపెట్టండి. పేజీలు తయారుచేసే ముందు అటువంటివాటినీ, బ్రతికున్నవారి వివరాలనూ విడిచిపెట్టమని ఎంచుకోండి.

తేదీలు చర్చి రిజిస్టరులో తర్వాతైనా దొరకవచ్చు. పెద్దల జ్ఞాపకాలు మాత్రం వారితోనే పోతాయి. ఈ సెలవుల్లో పిల్లలను అమ్మమ్మ, తాతయ్యల దగ్గర నోటుబుక్కుతో కూర్చోబెట్టండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయించండి. ఇంట్లో కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. ముందు ఆ మాటలు కాగితం మీదికి రానివ్వండి.