కాపలావాడికి కునుకు పట్టకూడదా?

"మా వాచ్‌మన్ రాత్రిళ్ళు నిద్రపోతున్నాడండీ!" ఈ ఫిర్యాదు రాని అపార్ట్‌మెంటు మీటింగు ఉండదు. వెంటనే ఇంకో గొంతు అందుకుంటుంది: "అతనికేం పనండీ? కుర్చీలో కూర్చోవడమేగా!"

అంత సుఖమైన ఉద్యోగమైతే, మన అబ్బాయిల్ని అందులో ఎందుకు పెట్టమో మరి!

లెక్క చూద్దాం. పాల చీటీ నుంచి పచారీ చిట్టా దాకా లెక్కలు కట్టే మనకి ఇదో లెక్కా? పరిశ్రమల్లో రోజుకి 8, వారానికి 48 గంటలకి మించి పని చేయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే అంది. మన గేటు దగ్గరి మనిషి డ్యూటీ చాలాచోట్ల 12 గంటలు. వారానికో సెలవైనా లేకపోతే మొత్తం 84. వందేళ్ళ నాటి 48ని మనం తిరగేసి 84 చేశామన్నమాట!

పోనీ, పగలు పడుకోవచ్చుగా అంటారు. ఎక్కడ పడుకుంటాడు? మెట్లకింది గదిలో, మోటారు మోత పక్కన. అయినా మన ఒంట్లో గడియారం వెలుతురుని బట్టి నడుస్తుంది. పగటి నిద్ర ఎంత పోయినా రాత్రి నిద్రకి సాటిరాదు. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకి షుగరు, గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లో రాత్రి షిఫ్టు పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అనే జాబితాలో చేర్చింది. 2019లో మళ్ళీ అదే మాట చెప్పింది. పసిపిల్లకి జ్వరమొచ్చి తెల్లవార్లూ మేలుకున్న మర్నాడు మన తల ఎలా దిమ్మెక్కిపోతుందో మనకి తెలుసు. అతనికి రోజూ ఆ మర్నాడే!

పైగా మాటలు. కొత్తవాణ్ణి ఆపితే "మా చుట్టాన్నే ఆపుతావా?" ఆపకపోతే "ఎవర్ని పడితే వాళ్ళని రానిస్తావా?" దొంగతనం జరిగితే మొదటి అనుమానం అతని మీదే. ఇంత మనోవ్యథకి కుర్చీ ఒక్కటే జీతమా? మాల్స్‌లో నిలబడేవాళ్ళకి అదీ లేదు. కేరళలో బట్టల దుకాణాల్లో ఆడవాళ్ళు పోరాడగా పోరాడగా 2018లో కూర్చునే హక్కుకి చట్టం వచ్చింది!

ఏజెన్సీ గార్డులకి ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలని 2006లో కేంద్రం మాదిరి నియమాల్లో రాసింది. మీ గేటు దగ్గరి గార్డుకి ఆఖరుసారి బి.పి. ఎప్పుడు చూశారో అడిగి చూడండి.

"మెయింటెనెన్సు పెరుగుతుందండీ" అనే మాట వస్తుందని తెలుసు. వారంలో 168 గంటలు. తలా 48 చొప్పున ముగ్గురున్నర మనుషులు కావాలి. ఇప్పుడున్నది ఇద్దరే అనుకుందాం. జీతం 12,000 అనుకుంటే, అదనపు ఒకటిన్నర మనిషికి 18,000. నలభై ఇళ్ళకి పంచితే ఇంటికి నెలకి 450 రూపాయలు. ఒక్క పూట హోటలు భోజనం మానితే సరి! ముందుగా వారానికో సెలవు, ఏడాదికో వైద్య పరీక్ష అయినా మొదలుపెట్టలేమా?

వచ్చే మీటింగులో మగవాళ్ళు పార్కింగు గురించి పోట్లాడుకుంటూ ఉంటారు. మధ్యలో మీరు లేచి ఈ లెక్క చదవండి. ఇవన్నీ ఇచ్చాక కూడా అతను డ్యూటీలో గురక పెడితే, అప్పుడు ఫిర్యాదు చేద్దాం. అందరికంటే ముందు నేనే చేస్తాను.