ముసాయిదా చాటున మూగజీవాలు

ఢిల్లీ రైలెక్కిన తెలుగువాడికి బల్లార్షా ఒక గుర్తు. మన సరిహద్దు దాటి మహారాష్ట్రలోకి వచ్చాం, ఇక ప్లాట్‌ఫారం మీద వినిపించే భాష మారుతుంది అని చెప్పే స్టేషన్ అది. కాగితం మిల్లునూ బొగ్గు గనులనూ నమ్ముకుని తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ బల్లార్‌పూర్ పట్టణానిదే ఆ స్టేషన్. దాని గోడల మీద తాడోబా అభయారణ్యపు పులులు కొలువుదీరి ఉంటాయి. స్థానిక చిత్రకారుల చేతి చలవ అది. 2018లో రైల్వే శాఖ అందాల స్టేషన్ల పోటీ పెట్టి బల్లార్షా, చంద్రపూర్‌లకు కలిపి మొదటి బహుమతి కింద 10 లక్షల రూపాయలు ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో, ఇక్కడి నుంచి గోందియా వెళ్లే మార్గంలో జునోనా అడవి దగ్గర మూడు పులికూనలు రైలు కింద పడి చనిపోయాయి. గోడ మీది పులికి సన్మానం జరిగింది. పట్టాల మీది పులికి చావు మిగిలింది.

ఆ కూనలు పోయి రెండు వారాలు తిరగకముందే, నవంబర్ 28న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. సర్కస్‌లలోనూ ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనల్లోనూ ఏ జంతువునూ ఆడించరాదన్నది దాని సారాంశం. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. మంచి మాటే. కానీ కోవిడ్ వచ్చి డేరాలన్నీ మూతపడి, గుర్రాలకూ ఒంటెలకూ గడ్డి పుట్టక యజమానులు చేతులెత్తేసిన 2020 నాటికి కూడా అది ముసాయిదాగానే ఉంది. చట్టం కావాల్సిన కాగితం ఇన్నేళ్లు ఫైళ్లలో పడి ఉండటం కాలయాపన అనిపించుకోదు, నేరానికి సాయం అనిపించుకుంటుంది.

సర్కస్ మీద ప్రేమ లేక అంటున్న మాట కాదిది. భారతీయ సర్కస్ పుట్టిందే ఈ మహారాష్ట్రలో. కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రాల శిక్షకుడైన విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో 'గ్రేట్ ఇండియన్ సర్కస్' తొలి ప్రదర్శన ఇచ్చాడు. మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి ఆయన. ఆ ఆటలో బరువు మోసింది మనిషి, చప్పట్లూ మనిషికే దక్కాయి. తర్వాతి కాలంలో లెక్క తిరగబడింది. ఏనుగు స్టూలెక్కింది, పులి మంటల చక్రంలోంచి దూకింది, చప్పట్లు మాత్రం కొరడా పట్టినవాడు అందుకున్నాడు.

ఎలుగుబంటి సంగతి మరీ విచిత్రం. మన పిల్లలకు అది రష్యన్ కథల్లోంచి పరిచయం. విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలతో పెరిగిన తరం ఇప్పటికీ వాటిని తలుచుకుని మురిసిపోతుంది. ఆ జానపద కథల్లో ఎలుగుబంటికి పేరుంది, తండ్రి పేరు కూడా ఉంది. మిఖైలో పొతాపిచ్ అని మర్యాదగా పిలుస్తారు. అడవికి పెద్దమనిషి అది. అలుగుతుంది, మోసపోతుంది, చిన్న ఇంటి మీద కూర్చుని దాన్ని పిండిపిండి చేస్తుంది. ఎవరికీ సలాము మాత్రం కొట్టదు. అదే రష్యా సంతల్లో ఆ పెద్దమనిషి ముక్కుకు కొండి వేసి శతాబ్దాల పాటు ఆడించారు. కథలో గౌరవం, సంతలో గొలుసు. మనం తీసిపోయామా? ఎలుగుబంటి వెంట్రుకను తాయెత్తులో పెట్టి పిల్లల మెడకు కట్టాం, జడుపు పోతుందని దాని వీపెక్కించాం. ఆ ఆట వెనక ఏముందో అడగలేదు. తల్లిని చంపి పిల్లను తేవాలి. కాల్చిన ఇనుప చువ్వతో దాని మూతిని పొడవాలి. ఆ పచ్చిపుండులోంచి తాడు దూర్చాలి. తాడు గుంజిన ప్రతిసారీ నొప్పికి అది కాళ్లెత్తుతుంది. దాన్నే మనం నాట్యం అన్నాం.

1998 అక్టోబర్‌లో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించడాన్ని నిషేధించింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. కేరళ హైకోర్టు 2000లోనూ, సుప్రీంకోర్టు 2001లోనూ ఆ నిషేధాన్ని సమర్థించాయి. డేరాల నుంచి విడిపించిన పులులూ సింహాలూ కొన్ని మన తిరుపతి, విశాఖ జూలలోని సంరక్షణ కేంద్రాలకు చేరాయి. వాటిలో చాలా సింహాలు ఆఫ్రికా, ఆసియా జాతుల సంకరం. అడవికి పనికిరావు, సంతానానికి అనుమతి లేదు. మన చప్పట్ల కోసం పుట్టించిన ఆ ప్రాణులు బోనుల్లోనే ముసలివై రాలిపోయాయి.

జాబితాకెక్కని గుర్రం, ఒంటె, కుక్కల మాటేమిటి? వాటికి దిక్కు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. అనుమతి లేకుండా జంతువును ఆడించినా, నిషేధించిన జంతువును ఆడించినా ఆ చట్టం 26వ సెక్షన్ కింద పడే జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు, జైలు గరిష్ఠంగా మూడు నెలలు. సాధారణ హింసకు మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నేడు ప్లాట్‌ఫారం మీద రెండు ప్లేట్ల టిఫినుకు చాలని డబ్బు అది. దీన్ని పెంచుతామంటూ 2022 నవంబర్‌లో సవరణ బిల్లు ముసాయిదా ఒకటి బయటికొచ్చింది. అదీ ముసాయిదానే! జీవకారుణ్యం గురించి ఎవరు మాట్లాడినా మన ఏలికలు గంగిరెద్దులా తల ఊపుతారు. సంతకం దగ్గరికొచ్చేసరికి కలం కదలదు.

జంతువుల్ని తీసేస్తే సర్కస్ కళాకారుల పొట్ట కొట్టినట్టు కాదా అన్న ప్రశ్న ఉంది. తేలిగ్గా కొట్టేయదగిన ప్రశ్న కాదు. ఊయల పట్టు తప్పితే ప్రాణం పోయే ఆడపిల్లల్లో, డేరా వెనక వంట చేసే ముసలివాళ్లలో చాలామందికి పింఛను లేదు. అయితే దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. ఎలుగుబంట్లను ఆడించే కలందర్ కుటుంబాలకు వేరే జీవనోపాధి చూపించి, పిల్లల్ని బడికి పంపి, వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 600కు పైగా ఎలుగుబంట్లను విడిపించింది. 2009 డిసెంబర్‌లో చివరి ఎలుగుబంటి తాడు కూడా తెగింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేసి చూపించిన దాన్ని సర్కస్ కార్మికుల విషయంలో ప్రభుత్వం ఎందుకు చేయదు? ఉపాధి మాట ఎత్తి నిషేధాన్ని ఆపేవారు ఆ ఉపాధి కోసం చేసిందేమిటో చెప్పాలి.

శిక్షణతో క్రూరమృగం సాధువవుతుందన్న భ్రమా వదులుకోవాలి. 2019 అక్టోబర్‌లో రష్యాలోని ఒలోనెత్స్ పట్టణంలో ఒక ఎలుగుబంటి రెండు కాళ్ల మీద నిలబడి తోపుడుబండి నెట్టుకుంటూ రింగులోకి వచ్చింది. ఉన్నట్టుండి బండి వదిలేసి శిక్షకుడి మీద పడింది. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకూ దానికీ మధ్య కంచె లేదు. బల్లార్షా ఉన్న చంద్రపూర్ జిల్లా జనానికి ఈ పాఠం చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికో తునికాకు కోయడానికో అడవికెళ్లే ఆడవాళ్లకు ఎలుగుబంటి అంటే ఏమిటో తెలుసు. అదే పువ్వు కోసం అదీ అదే చెట్టు కిందికి వస్తుంది.

డేరాలో పోయిన పులి ఆట అడవిలో మొదలైందని కూడా గమనించాలి. 2024 డిసెంబర్ 31న చంద్రపూర్ ఉన్న ఇదే విదర్భలోని ఉమ్రేడ్-పవనీ-కర్‌హండ్లా అభయారణ్యంలో, పిల్లలతో దారి దాటుతున్న ఆడపులిని సఫారీ జీపులు రెండు వైపులా అడ్డగించాయి. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. కొరడా స్థానంలో కెమెరా వచ్చింది. పులి చుట్టూ గీసిన గిరి మాత్రం అదే.

మరి పిల్లలకు వినోదం వద్దా? భేషుగ్గా కావాలి. స్ట్రావిన్‌స్కీ 1911లో కూర్చిన 'పెత్రూష్కా' బ్యాలేలో సంత మధ్యకు ఎలుగుబంటి వస్తుంది. వేషం కట్టిన మనిషే అది. ఒకప్పుడు ఏనుగుల పేరు చెప్పుకుని బతికిన అమెరికా రింగ్లింగ్ సర్కస్ 2017లో మూతపడి, 2023లో ఒక్క జంతువూ లేకుండా మళ్లీ తెర లేపింది. అంతదూరం ఎందుకు? దసరాకీ పీర్ల పండక్కీ ఒళ్లంతా పచ్చరంగు, నల్లచారలు పూసుకుని డప్పుకు అడుగేసే పులివేషగాణ్ని చూసి జడుసుకోని తెలుగు పిల్లలున్నారా? వార్ధా నది దాటి ఆసిఫాబాద్ వైపు పోతే, దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడే గోండులు కనిపిస్తారు. మనిషి జంతువు కాగలడు, ఇష్టంగా, ఒడుపుగా, చెమటోడ్చి. జంతువుకు మనిషి వేషం కట్టాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట దాన్ని కొట్టాలి, లేదా పస్తుంచాలి.

కేంద్రం 2018 ముసాయిదాకు తుదిరూపం ఇవ్వాలి. జరిమానాను జరిమానాలా కనిపించేంతగా పెంచాలి. సర్కస్ కార్మికులకు పునరావాసం ప్రకటించాలి. మూడూ ఒక్కసారే జరగాలి, ఒకటి సాకుగా మరొకటి ఆగకూడదు. బల్లార్షా మీదుగా ఢిల్లీ వెళ్లే మన ఎంపీలు రైలు ఆగినప్పుడు కిటికీలోంచి ఒకసారి ఆ గోడల వంక చూడాలి. ఆ బొమ్మ పులులు గెలిచిన 10 లక్షలతో ప్రాణమున్న జంతువును నిషేధం మీరి ఆడించినందుకు పడే గరిష్ఠ జరిమానాను 2,000 సార్లు కట్టేయవచ్చు. ఇదీ మన చట్టం నోరులేని ప్రాణానికి కట్టిన వెల.