వేట పోయినా వేటమర్యాద పోరాదు

మన పెద్దలు సప్తవ్యసనాల జాబితా వేసినప్పుడు జూదం, మద్యపానాల సరసనే వేటను కూడా చేర్చారు. అయినా రాజులు వేట మానలేదు, కవులు దాన్ని వర్ణించడమూ మానలేదు. ఐతే మన ఇతిహాసాలను కాస్త నిదానించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. వేటాడినందుకు శాపం పొందినవారికన్న, వేటలో మర్యాద తప్పి శాపం పొందినవారే వాటిలో ప్రసిద్ధులు. పాండురాజు సంగతి చూడండి. లేడి రూపంలో భార్యతో కూడివున్న కిందమ మునిని ఆయన బాణంతో కొట్టాడు. మృగాన్ని కొట్టినందుకు ముని తప్పుపట్టలేదు, రాజులకు అది వున్నదే అన్నాడు. సమయం చూడకుండా, జంటగా వున్నవేళ కొట్టడమే నేరమన్నాడు. దశరథుని కథ అందరూ ఎరిగినదే. చీకట్లో సరయూ తీరాన, నీళ్ళకు వచ్చే జంతువు కోసం పొంచివుండి, కంటితో చూడకుండా చెవితో విని బాణం వదిలాడు. అది పోయి, తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుకొంటున్న మునికుమారునికి తగిలింది.

సమయం చూడాలి, చోటు చూడాలి, ఆ చోట మనతోపాటు ఇంకెవరున్నారో చూడాలి. వేటమర్యాద అంతా ఈ మూడుమాటల్లో ఇమిడివున్నది.

తరువాత వచ్చిన తుపాకుల కాలంలో కూడా ఈ మూడింటినీ ఎవరూ కాదనలేదు. దొరల హయాములో అడవులను బ్లాకులుగా విడగొట్టి, ఒక బ్లాకులో కొన్నాళ్ళపాటు ఒక జట్టుకే పర్మిటు ఇచ్చేవారు. ఒకరు పొంచివున్న చోటికి మరొకరు పోయి అల్లరి చేయకూడదనీ, ఒకరి గుండు మరొకరికి తగలకూడదనీ అందులో వున్న ఉద్దేశం. పిల్లలుపెట్టే కాలంలో వేట మూసివేసేవారు. నీటిగుంటల దగ్గర, జంతువులు ఉప్పుమట్టి నాకే చోట్ల పొంచి కాల్చడాన్ని చాలాచోట్ల నిషేధించారు. ఇవికాక కాగితం మీద లేని కట్టుబాట్లు కొన్ని వుండేవి. మొదటి గుండు ఎవరిది తగిలితే చర్మం వారిది. గాయపడిన మృగాన్ని వదిలేసి ఇంటికి వచ్చినవాడికి తోటి వేటగాళ్ళలో పరువుండేది కాదు. సికింద్రాబాదు దగ్గరి బొలారంలో 1910 లో పుట్టి, మన బెంగుళూరులోనే జీవితం గడిపి 1974 లో చనిపోయిన కెన్నెత్ అండర్సన్ పేరు పాతతరం వారికి జ్ఞాపకం వుంటుంది. తిరుపతి కొండల వెనుక చామల లోయ మొదలుకొని మైసూరు, సేలం అడవులదాకా మనుషులను తినే పులుల వెంట తిరిగి, ఆ అనుభవాలను పుస్తకాలుగా వ్రాసినవాడు ఆయనే.

ఆ రోజులు పోయినవి, పోవడమే మంచిదైంది. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 లో దాన్ని సవరించిన మీదట లైసెన్సు తీసుకొని వేటాడే వీలు కూడా పోయింది. మనుషుల ప్రాణాలకు ముప్పుగా తయారైన జంతువులవంటి కొద్ది సందర్భాలలో, అదీ అధికారుల ఉత్తరువు మీదనే, మినహాయింపు వున్నది. ఇప్పుడు మన ఇళ్ళలో తాతగారి తుపాకి వుందంటే అది గోడకు అలంకారం, లేదా పోలీసుస్టేషనులో డిపాజిటు.

ఇంతవరకు బాగానే వున్నది. కాని తుపాకితోపాటు ఆ మర్యాద కూడా అటకెక్కిందేమో అని నాకు అనుమానం. ఎందుకంటే వేటగాళ్ళు తగ్గలేదు, ఆయుధం మాత్రమే మారింది. మా బొమ్మనహళ్ళికి నాలుగు పక్కలా ఇంకా చెరువులు మిగిలివున్నవి. దక్షిణాన బేగూరు, ఉత్తరాన మడివాళ, పడమట అరెకెరె, హుళిమావు. క్రీ.శ. 900 ప్రాంతపు శాసనంలో బెంగుళూరు పేరు చెక్కివున్న ఊరు ఆ బేగూరే. గూడబాతులు, రంగుల కొంగలు, నీటికోళ్ళు, లకుముకి పిట్టలు ఈ నీళ్ళను ఇంకా మరిచిపోలేదు. వాటివెంటే ఆదివారం తెల్లవారుజామున మోచేతి పొడుగు లెన్సులు తగిలించుకొని కెమెరా వేటగాళ్ళు దిగుతారు. వారిలో చాలామంది చదువుకున్నవారు, పక్షులంటే నిజంగా ప్రేమ కలవారు. వచ్చినచిక్కు ఒక్కటే. చెరువు ఒకటి, పిట్ట ఒకటి, కెమెరాలు యాభై.

ఆమధ్య ఒక ఎండాకాలపు ఆదివారంనాడు ఆఫీసు మిత్రులొకరు రమ్మంటే ఒక చెరువుగట్టుకు వెళ్ళాను. చెరువు పేరు చెప్పను, ఏ చెరువైనా ఇదే తంతు. గట్టుకింద గులకరాళ్ళ మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు గూడు కట్టదు, నేలమీద చిన్నగుంటలోనే గుడ్లు పెడుతుంది. రాయేదో గుడ్డేదో తెలియకుండా వుండడమే దానికి రక్షణ. ముందురోజు ఎవరో ఫోటో తీసి, చోటుతో సహా వాట్సాపు గుంపులో పెట్టారట. మేము పోయేసరికి పదిహేనుమంది చుట్టూ వలయంగా కూచున్నారు. అయిదుగంటలకే వచ్చి అల్లంత దూరాన చాప పరచుకొన్న ఒక కుర్రవాడి ఎదటికి, ఏడింటికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు నడిచిపోయి నిలబడ్డారు. కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. మాటకు మాట పెరిగింది. ఇంకొకరు చూపుకు అడ్డంగా వున్న గడ్డిదుబ్బు పీకివేశారు. వేరొకరు ఫోనులో తీతువు కూత మోగించారు. తల్లిపిట్టా తండ్రిపిట్టా తలలమీద గిరగిర తిరుగుతూ గొంతు చించుకొని అరుస్తున్నవి. ఆ అరుపు కూడా అందరికీ మంచి ఫోటోగానే కనిపించింది!

వల ఎత్తుకొని పోతున్న ముసలి బెస్తాయన ఒకడు ఆగి, ‘‘సార్, మీరంతా ఆ పక్కకు పోతే అది మళ్ళీ గుడ్లమీద కూచుంటుంది. ఎండ ఎక్కుతా వుంది’’ అన్నాడు. సగం తెలుగు, సగం కన్నడం. నలుగురు లేచారు, మిగిలినవారు లేవలేదు. దగ్గరి కరెంటుతీగ మీద రెండు కాకులు కూచుని ఆ వలయాన్నే చూస్తున్నవి. మనుషులు గుంపుగా దేన్ని చూస్తున్నారో కనిపెట్టడం కాకికి వెన్నతో పెట్టిన విద్య. మరునాడు ఆ మిత్రులే చెప్పారు, గుడ్లు మూడే వున్నవని. ఆ తరువాత ఒకటి కూడా లేదని.

పిట్టకు ఎవరూ రాయి విసరలేదు కదా, దూరంనుంచి బొమ్మ తీస్తే తప్పేమిటని అడిగేవారున్నారు. ఎండాకాలంలో తీతువు గుడ్లమీద కూచునేది వేడి ఇవ్వడానికి మాత్రమే కాదు, నీడ ఇవ్వడానికి కూడా. కడుపు ఈకలు నీటిలో తడిపివచ్చి గుడ్లను చల్లార్చడం కూడా దానికి తెలుసు. మనం గంటసేపు కూచుంటే అది గంటసేపు లేచిపోతుంది. అంతసేపూ గుడ్లు ఎండలో మాడతవి. ఇక చట్టం సంగతి చూద్దాం. 1972 నాటి ఆ చట్టంలో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే చాలామంది ఉలిక్కిపడతారు. చంపడం, పట్టడం, వలపన్నడంతో అది ఆగలేదు. ఎర చూపడం కూడా వేటే. పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించి భంగపరచడమూ వేటే. అంటే ఆనాడు గట్టుమీద గడ్డి పీకినవారు తమను ఫోటోగ్రాఫరు అనుకొన్నా, చట్టం దృష్టిలో వారిని వేటగాడు అనడానికి ఆస్కారం వున్నదన్నమాట. పాండురాజు చేసిన తప్పే ఇది, సమయం చూడకపోవడం.

మన ఊళ్ళో ఒక మాట వున్నది, ‘‘స్వల్ప అడ్జస్ట్ మాడి’’ అని. బస్సులో ముగ్గురి సీటులో నాలుగవవాడు కూచోవాలన్నా, పెండ్లిపంక్తిలో మరో విస్తరి వేయాలన్నా ఆ మాట చెల్లుతుంది. ఇన్ని భాషలవాళ్ళం ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళుగా తలలు పగలగొట్టుకోకుండా బ్రతుకుతున్నామంటే దాని చలవే. ఆంధ్రదేశం నుంచి తాతలనాడు వచ్చిన మన కుటుంబాలకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాని సర్దుకుపోవడం అనేది రెండు పక్కలా జరగాలి. చెరువుగట్టున సర్దుకోలేనిది పిట్ట ఒక్కటే. మనకు మరో ఆదివారం వున్నది, మరో చెరువు వున్నది. దానికి ఆ నాలుగు గుడ్లే వున్నవి. కౌంటరు దగ్గర ముందు వచ్చినవాడికి ముందు పని అని ఆఫీసులో రోజూ చెబుతూవుంటాం. ఆ లెక్కన చెరువుకు అందరికన్న ముందు వచ్చినదెవరు?

సర్దుకుపోయిన ఊళ్ళు లేకపోలేదు. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్ చెరువులో, కంపెనీ సిపాయిలు కొంగలను కాల్చి పోతూవుంటే, ఊరి రైతులు 1798 లో కలెక్టరు దగ్గరకు పోయి ఇక్కడ పక్షులను కొట్టరాదని కౌలు వ్రాయించుకొన్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు తమ పొలాలకు ఎరువని వారికి తెలుసు. మైసూరు రోడ్డున పోతే మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్ళూరు వున్నది. అక్కడ గూడబాతులు ఊరి నడుమ చింతచెట్లమీదే గూళ్ళు పెడతవి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని ఆ ఊరివారు వాటిని గురించి చెప్పుకుంటారు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువులో చెట్లు చాలకపోతే, పక్షులు వాలడానికి కృత్రిమంగా కొమ్మలు నిలిపారు. ఈ మూడూళ్ళలోనూ జనం వున్నారు, పొలంపనులున్నవి, చూడవచ్చేవారున్నారు. పక్షికి ఇవ్వవలసిన దూరం ఎంతో తెలిసినచోట రద్దీ కూడా కీడు చేయదు.

అహోబిలం పారువేట మీరు వినేవుంటారు. కనుమనాడు బయలుదేరి, సుమారు నలభైరోజులు నరసింహస్వామి ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. పేరుకు వేట. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి, బావమరుదులైన చెంచులనూ ఊరూరి జనాన్నీ తన కల్యాణానికి స్వయంగా పిలిచి వస్తాడని అక్కడివారు చెబుతారు. అడవి తనదే అయిన దేవుడు కూడా అల్లుడి మర్యాదతో అడుగుపెడుతున్నాడు. కెమెరా పట్టుకొన్న మనం అంతకన్న అధికులమా?

కనుక ఇంట్లో కెమెరా వున్నవారికి, సెలవులకు పిల్లలను చెరువుకు తీసుకుపోయేవారికి కొన్ని మాటలు. గూటి దగ్గరి ఫోటో అసలే వద్దు. పేరున్న ప్రకృతి ఫోటోపోటీలు చాలావరకు గూటిబొమ్మలను తీసుకోవడం లేదు. పిట్ట అరుస్తూ తిరుగుతున్నదంటే మనం హద్దు దాటామన్నమాట, వెంటనే వెనక్కు రావాలి. ముందు వచ్చి కూచున్నవారికి ఎదురుగా నడవకూడదు, వెనుకనుంచి పోయి పక్కన చేరాలి. ముందు వచ్చినవారూ నాలుగు బొమ్మలు తీసుకొని తరువాతివారికి చోటు ఇవ్వాలి. ఫోనులో కూతలు మోగించకూడదు, మేత వేయకూడదు, కొమ్మ విరవకూడదు. గూడు వున్నచోటును పదిమందికి చాటకూడదు. గట్టుమీద బండి ఎక్కించకూడదు. బెస్తవారి వలకు, పసులకాపరి దారికి అడ్డం పోకూడదు. వారికి ఆ చెరువు కూడుపెట్టేది, మనకు కాలక్షేపం. పులులున్న అడవుల్లో సందర్శకులు జంతువులకు కనీసం 20 మీటర్ల దూరంలో వుండాలనీ, చుట్టుముట్టరాదనీ జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012 నాటి మార్గదర్శకాల్లో వ్రాసిపెట్టింది. అరచేతిలో ఇమిడే పిట్టకు మనం అంతమాత్రం దూరం ఇవ్వలేమా?

తల్లులకు ప్రత్యేకంగా ఒకమాట. పిల్లవాడికి మొదట కెమెరా కాక, ఒక బైనాక్యులరు ఇప్పించండి. అది చూడడం నేర్పుతుంది. పిట్ట ఎప్పుడు బెదురుతున్నదో, ఎప్పుడు నెమ్మదిగా వున్నదో కనిపెట్టగలిగిన తరువాత కెమెరా ఇస్తే, ఎంతదూరంలో నిలబడాలో వాడికి మనం చెప్పనక్కరలేదు. ఈ వానలు వెలిసి చెరువులు నిండిన తరువాత ఒకనాడు అందరం కలిసి బేగూరు గట్టుకు పోదామని సంఘంలో కొందరు అంటున్నారు. తప్పకుండా పోదాం. ఉప్మాపొట్లాలు గట్టుకు ఇవతలే విప్పుకొందాం.