మగ్రిబ్ నుంచి ఇషా వరకు

పొద్దుగూకే వేళకు పిల్లల్ని ఇంట్లోకి పిలుచుకోవాలని మన పెద్దలు చెప్పేవారు. హదీసులోనూ ఈ హెచ్చరిక ఉంది. బేతంచెర్ల వీధుల్లో మగ్రిబ్ అజాన్ వినిపించగానే అమ్మీలు, దాదీలు గుమ్మంలో నిలబడి కేకలు వేసేవారు. నేడు ఆ కేకల అవసరం అంతగా రావడం లేదు. పిల్లలు అప్పటికే ఇంట్లో ఒక మూల సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు.

ఇందుకు వారిని నిందించి ప్రయోజనం లేదు. ఫోను ఇచ్చింది పెద్దలే. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాక పాఠాలు ఫోనులోకి వచ్చాయి. అప్పు చేసి ఫోను కొన్న కుటుంబాలూ ఉన్నాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు కూడా పంచారు. బడులు తెరిచారు గాని, ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది. పగలంతా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము మింగి వచ్చిన తండ్రికీ, పొయ్యి దగ్గర ఉన్న తల్లికీ మారాం చేసే బిడ్డను ఊరుకోబెట్టడానికి అంతకన్నా సులువైన ఉపాయం తోచదు మరి.

దాని ఫలితం మొదట నిద్రలో కనిపిస్తుంది. రాత్రి 11 దాకా రీల్స్ చూసిన పిల్లవాడు ఫజ్ర్ తర్వాత మక్తబ్‌కు వచ్చి ఖాయిదా ముందు తూగుతాడు. ఉస్తాద్ బెత్తం దానికి మందు కాదు. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడరాదనీ, 3, 4 ఏళ్ల వారికి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

పెద్దల సంగతి ఇంకా విచిత్రం. దస్తర్‌ఖాన్ ముందు బిడ్డ బడి కబుర్లు చెబుతుంటే తండ్రి "ఊఁ" అంటూ వాట్సాప్ చూస్తుంటాడు. అందులో వచ్చింది పిల్లల పెంపకంపై ప్రసంగమే కావచ్చు!

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ ప్రజలు 2022లో ఒక నిర్ణయం తీసుకున్నారు. సాయంత్రం 7 గంటలకు గుడిపై సైరన్ మోగుతుంది. గంటన్నర పాటు ఊరంతా టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. పిల్లలు చదువుకుంటారు. పెద్దలూ ఈ నియమానికి కట్టుబడడమే ఇందులో గమనించవలసిన విషయం.

మనకు కొత్తగా సైరన్ అక్కరలేదు, మగ్రిబ్ అజాన్ ఉంది. అప్పటి నుంచి ఇషా వరకు గంటకు కాస్త అటూ ఇటూ సమయం. ఆ కాసేపు ఇంటిల్లిపాదీ ఫోన్లు అలమారాలో పెడితే చాలు. తండ్రి ఫోను ముందు లోపలికి పోవాలి. అప్పుడే పిల్లవాడి ఫోను అడిగే హక్కు ఆయనకు వస్తుంది. మొదటి వారం పేచీ తప్పదు. దీనికి పోట్లాట, దెబ్బలు అక్కరలేదు. పక్కన కూర్చుని పాఠం అడిగితే చాలు, చదువు రాని తల్లి కూడా బిడ్డ చేత చదివించుకుని వినవచ్చు.

తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల మాటేమిటని కొందరు అడుగుతారు. ఆ బిడ్డకు అబ్బా ముఖం కనిపించేది ఫోనులోనే గదా! నిజమే, ఆ పిలుపును ఎవరూ ఆపకూడదు. అయితే కువైట్, సౌదీ గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5.30. పని వేళలు కుదిరిన వారు ఇషా తర్వాతే మాట్లాడుకోవచ్చు. కుదరని వారు పిలుపు వచ్చినప్పుడు అలమారా తెరిచి, మాట్లాడి, మళ్లీ మూస్తే సరిపోతుంది.