సగంలో ఆపిన మందు



హైదరాబాదులో నయాపూల్ దగ్గర బస్సు దిగి, మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రికి రోగులను పట్టుకొని నడిచే పల్లెవారిని మీరు చూసే ఉంటారు. పరీక్షలయ్యాక కొందరు తల్లిదండ్రులు వినవలసివచ్చే మాట, “బిడ్డకు బ్లడ్ క్యాన్సర్” అని. ఆ మాటతో ఆశ వదులుకోనక్కరలేదు.

ఈ జబ్బుపై తొలి విజయంలో మన తెలుగువాని చేయి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో అమినాప్టెరిన్ అనే మందును తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని పిల్లలకిచ్చి, 1948లో ఫలితం ప్రకటించారు. 16 మందిలో 10 మందికి మేలు కనబడింది. అయితే కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టింది.

ఎందుకని? క్యాన్సర్ కణం పెరగడానికి ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ కావాలి. ఈ మందు ఆ విటమిన్‌లాగే కనబడి కణాన్ని మోసగిస్తుంది. కాని కోట్లాది కణాలలో కొన్ని మొండివి. కొన్ని మందును లోపలికి రానివ్వవు. కొన్ని మందు దెబ్బతీసే పదార్థాన్నే మరింత ఎక్కువగా చేసుకుంటాయి. పత్తిచేలో ఒకే పురుగుమందు కొడుతూ పోతే దానికి లొంగని పచ్చపురుగు మిగిలి పెరగడంలేదా? ఇదీ అంతే.

1960లలో అమెరికా వైద్యులు, క్షయకు పలుమందులు కలిపి ఇచ్చినట్టే, దీనికీ నాలుగు మందులు కలిపి ఇచ్చారు. ఒకదానికి లొంగని కణం మరొకదానికి లొంగుతుంది. మెదడులో దాగే కణాల కోసం వెన్నులోకి మందు ఎక్కించారు. పిల్లలకు ఎక్కువగా వచ్చే రకంలో నేడు ధనిక దేశాలలో నూటికి 90 మంది వరకు బాగుపడుతున్నారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

ఇక ముఖ్యమైన సంగతి. మొదటి నెలరోజుల మందులతోనే చాలామంది పిల్లలు తేరుకొని ఆడుకుంటారు. పరీక్షలో చెడు కణాలు కనబడకపోవచ్చు. “నయమైపోయింది” అని కొందరు అక్కడే మానివేస్తారు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు! చికిత్స రెండు మూడేండ్లు సాగాలి. సగంలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. తిరగబెట్టిన జబ్బును లొంగదీయడం మరింత కష్టం.

బస్సు చార్జీలకు, పోయిన కూలికి భయపడి మానే కుటుంబం మీ ఊరిలో ఉంటే సంఘమంతా చేయి కలపండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ సంగతి అడిగి తెలుసుకోండి. చికిత్స మధ్యలో జ్వరమొస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. బిడ్డకోసం ప్రార్థించండి, మందు మాత్రం డాక్టరు చెప్పేదాకా మానకండి.