కత్తి ఆట, కత్తి విద్య

పోయిన వేసవిలో ఒక శనివారం సాయంత్రం మా ఇంటి దగ్గర పార్కుకి వెళ్తే అక్కడ చిన్న యుద్ధం జరుగుతోంది. ఇనప హెల్మెట్లు, కవచాలు, డాళ్ళతో పెద్దమనుషులు కర్రలు పుచ్చుకుని దబదబా బాదుకుంటున్నారు. మా అబ్బాయి కళ్ళార్పకుండా చూసి, "నాన్నా, పాతకాలంలో నిజంగా ఇలాగే కొట్టుకునేవాళ్ళా?" అని అడిగాడు. "ఆఁ, అంతే" అనేశాను. తెలియని ప్రశ్నకి తండ్రులు చెప్పే జవాబు అది. ఇంటికొచ్చాక మనసొప్పక చదివితే, నేను చెప్పింది తప్పని తేలింది. వాడికి బాకీ పడ్డ జవాబే ఈ వ్యాసం.

మేము చూసినది సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం అనే సంస్థ వాళ్ళ ఆట. 1966లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో కొందరు మిత్రులు పెరట్లో సరదాగా జరుపుకున్న వేడుకతో ఇది మొదలైంది. వాళ్ళ కత్తి నిజానికి టేపు చుట్టిన లావుపాటి పేముకర్ర. కాలికి దెబ్బ తగిలితే మోకాళ్ళ మీద పోరాడాలి. చేతికి తగిలితే ఆ చెయ్యి వాడకూడదు. మోకాలి కింద కొట్టకూడదు, కలబడి పట్టుకోకూడదు. నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. దెబ్బ గట్టిగా తగిలిందో లేదో తిన్నవాడే చెప్పాలి. బంతి బ్యాటుకి తగిలిందని తనకు తెలిస్తే, అంపైరు వైపు చూడకుండా పెవిలియన్‌కి నడిచే బ్యాట్స్‌మన్ లాగా అన్నమాట.

ఇంకో రకం వాళ్ళున్నారు. వీళ్ళు పాత పుస్తకాలు ముందేసుకుని, పదును లేని ఉక్కు కత్తులతో సాధన చేస్తారు. యూరప్‌లో దొరికిన కత్తి విద్య పుస్తకాల్లో అన్నిటికంటే పాతది ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంది. 14వ శతాబ్దపు తొలినాళ్ళది. అందులో ఒక మతగురువు కత్తి, చిన్న గుండ్రటి డాలుతో శిష్యుడికి పాఠం చెబుతుంటాడు. చివరి బొమ్మల్లో కత్తి పట్టింది వాల్పుర్గిస్ అనే స్త్రీ. మన బడిలోని ఆడపిల్లలు గమనించాలి! 1410 ప్రాంతంలో ఫియోరే దెయి లిబేరి అనే ఇటలీ గురువు రాసిన పుస్తకం ప్రతి ఒకటి లాస్ ఏంజిలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. ఆ పుస్తకం మొదలయ్యేది కుస్తీతో. అంటే పార్కులో నిషేధించినదే అక్కడ మొదటి పాఠం.

మోకాలి సంగతీ అంతే. స్వీడన్‌లోని విస్బీ దగ్గర 1361లో జరిగిన యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధులు తవ్వితే, మోకాలి కింద ఎముకల మీద కత్తి గాట్లు ఎన్నో కనిపించాయి. అక్కడ కొట్టకూడదన్న నియమం మంచిదే, రేపు ఆఫీసుకి నడిచి వెళ్ళాలి కదా. కానీ ఆ నియమం వల్ల డాలు పట్టే తీరు, నిలబడే తీరు మారిపోతాయి. నియమం మారితే యుద్ధమే మారుతుంది.

అలాగని పుస్తకాల వాళ్ళది పూర్తి నిజమూ కాదు. ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగిలితే ఈనాటి పోటీలో పాయింట్ల లెక్క. ఆనాడైతే రెండు శవాలు. ప్రాణభయం లేనప్పుడు ఎవరైనా ముందుకు దూకుతారు.

నా అభిప్రాయం ఇది. ఆట తప్పు కాదు. అది ధైర్యాన్నీ, నిజాయితీనీ నేర్పుతుంది. కానీ ఆటనే చరిత్ర అనుకోవడం తప్పు. నాలాగా పిల్లలకి అలా చెప్పడం ఇంకా తప్పు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. జర్మనీలో లీఖ్తెనావర్ అనే గురువు విద్య పద్యాలుగా మిగిలింది. అవి బయటివాళ్ళకి అర్థం కాకుండా కట్టినవి. తర్వాతి తరాలవాళ్ళు టీకా తాత్పర్యాలు రాసి ఉండకపోతే ఈరోజు ఎవరికీ బోధపడేవి కావు. మా భాషలో చెప్పాలంటే, కామెంట్లు లేని కోడు. తాత్పర్యం ఉన్నా చెయ్యి ఎంత తిప్పాలో, అడుగు ఎప్పుడు వెయ్యాలో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. సరిదిద్దే గురువు లేడు మరి. గురువు నుంచి శిష్యుడికి వచ్చే వరస తెగిపోయింది.

మా ఊళ్ళో దసరాకి కర్రసాము చేసే పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర పుస్తకం లేదు, విద్య ఉంది. చిన్నప్పుడు రమ్మని పిలిస్తే, ఎంసెట్‌కి చదువుకోవాలని వెళ్ళలేదు. ఇప్పుడు ఆయనకి శిష్యులు లేరు. తెలుగు కూడా ఇలాంటిదే. పుస్తకం లైబ్రరీలో భద్రంగా ఉంటుంది. "అలా కాదు నాన్నా, ఇలా అను" అని దిద్దే గొంతు మాత్రం మనింట్లోనే ఉండాలి.

వచ్చే దసరాకి టికెట్లు కొన్నాను. మా అబ్బాయీ నేనూ ఆయన దగ్గర పది రోజులు నేర్చుకుంటాం. పది రోజుల్లో ఏమీ రాదని తెలుసు. కనీసం దెబ్బ తగిలినప్పుడు తగిలిందని ఒప్పుకోవడం వస్తుంది. నాకు ఇప్పటికే ఒకటి తగిలింది, ఒప్పుకుంటున్నాను.